ఎన్నయ్యాయి?

గయలో విష్ణుపాదం గుడి దగ్గర పని ముగిసేసరికి మధ్యాహ్నం రెండయింది. బోధగయకు ఆటో అడిగితే ఐదొందలన్నాడు. పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేనిదానికి ఐదొందలేంటయ్యా అంటే, ఇది సీజను సార్, ఫారిన్ వాళ్లు వెయ్యి ఇస్తారన్నాడు. నేనేమన్నా ఫారిన్ నుంచి దిగానా అని నాకొచ్చిన హిందీలో పోట్లాడి మూడొందల యాభైకి దించాను. ఇంకో యాభై తగ్గేదే గానీ అమ్మ అప్పటికే ఎక్కి కూచుంది. మనిషి ఎక్కి కూచున్నాక బేరమేం సాగుతుంది!

గయ గురించి ఎక్కువ రాయను. వెళ్లొచ్చినవాళ్లకు తెలుసు, వెళ్లబోయేవాళ్లకు చెప్పినా లాభం లేదు. విజయవాడలో సంఘమిత్ర ఎక్కి, రెండు రాత్రుళ్లు చలికి ముడుచుకుని, దానాపూర్‌లో దిగి గయ చేరాం. ఫల్గు ఒడ్డున, విష్ణుపాదంలో, అక్షయవటం కింద నాన్నకు పిండాలు పెట్టాం. ప్రతిచోటా రెండు దక్షిణలు: ముందుగా మాట్లాడుకున్నది ఒకటి, మాట్లాడుకోనిది ఇంకొకటి. మర్రి కింద ఒక కాయ, ఒక పండు ఇక జన్మలో తినకుండా వదిలెయ్యమంటే నేను అమ్మ చెవిలో "కాకరకాయ" అన్నాను, మా ఇంట్లో ఎవరూ ముట్టరు కాబట్టి. అమ్మ నావైపు ఒక చూపు చూసి దోసకాయ వదిలింది. దోసకాయ పప్పు లేకపోతే నాన్నకు అది ఆదివారమే కాదు.

పిండాలు అమ్మ పని, బోధగయ నా పని. అలా అనుకుని బయల్దేరాం.

నాలుగేళ్ల కిందట నాగార్జునసాగర్ దగ్గర పది రోజుల విపశ్యన ధ్యానం చేశాను. తెల్లవారుజామున నాలుగింటికి గంట, రోజుకు పది గంటల పైన కూచోవడం, మాటల్లేవు, ఫోను లేదు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరి చూసుకోవడమే. నాలుగో రోజు నుంచి నడినెత్తి మొదలు కాలి వేళ్ల దాకా ఒంట్లో పుట్టే ప్రతి చిమచిమనీ, సలుపునీ గమనించాలి. ఒక్కో పూట గంటసేపు చెయ్యి కదపకూడదు, కాలు తియ్యకూడదు, కళ్లు తెరవకూడదు. చేరిన రోజే ఇంకోమాట చెబుతారు: జపాలు, మాలలు, మంత్రాలు ఈ పది రోజులూ పక్కన పెట్టండి, ఒక పద్ధతిలో ఇంకోటి కలపకండి అని. పది రోజులకు పెట్టిన ఆ షరతును నేను మూటగట్టుకుని ఇంటికి తెచ్చాను.

అమ్మ ఇరవై ఏళ్లుగా రామకోటి రాస్తోంది. రోజుకు ఐదొందలు, ఒంట్లో బాగుంటే ఇంకో వంద. నేను సాగర్ నుంచి వచ్చిన మర్నాడు ఆవిడ ముందు కూచుని ఉపన్యాసమిచ్చాను. "చెయ్యి రాస్తూ ఉంటుంది, మనసు వీధిలో కూరగాయల బండి మీద ఉంటుంది. అదేం సాధనమ్మా?" అన్నాను. అమ్మ తలెత్తకుండానే, "బండి వచ్చిందా? కేక విన్నది నువ్వేగా, లేచి అరకిలో వంకాయలు తీసుకో" అంది.

పొద్దున గంట, సాయంత్రం గంట కూచోమని చెప్పి పంపారు నన్ను. రెండు నెలలు కూచున్నాను. తర్వాత ఆదివారాలు మాత్రమే. ఆ తర్వాత క్యాలెండర్‌లో ఆదివారాలు కూడా కరువైపోయాయి. అమ్మ లెక్క మాత్రం ముప్పై ఆరు లక్షలు దాటింది.

ఈ నేపథ్యంతో మహాబోధి గుడికి వెళ్లానని తెలిస్తేనే నా చిరాకు అర్థమవుతుంది. బుద్ధుడికి జ్ఞానోదయమైన చోటు కదా, సూది పడితే వినపడే నిశ్శబ్దం ఉంటుందనుకున్నాను. 2013లో బాంబులు పేలినప్పటి నుంచి ఫోను లోపలికి పోనివ్వరు, అదొక్కటీ నాకు నచ్చింది. లాకర్‌లో పడేసి, చెప్పులు విడిచి, మెట్లు దిగాం. దిగుతుండగానే మోత. బోధివృక్షం చుట్టూ ఒక పక్క తెల్లబట్టల థాయి బృందం మైకులో పాలి భాషలో స్తోత్రాలు. పక్కనే సింహళం వాళ్లు, అదే పాలి, వేరే రాగం. ఇంకో మూల కొరియా సన్యాసి చెక్కబుర్రను టకటకా కొడుతున్నాడు. వెనక నుంచి టిబెట్ సన్యాసుల గొంతులు, బావిలోంచి వచ్చినట్టు. మా సత్తెనపల్లిలో శ్రీరామనవమికి నాలుగు పందిళ్లు ఎదురెదురుగా పెట్టి నాలుగు మైకులూ ఒకేసారి వదిలితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. నేను చెట్టు కింద కళ్లు మూసుకుని ఊపిరి వెతుక్కున్నాను. దొరకలేదు. కళ్లు తెరిస్తే, రాలిన రావాకు కోసం ఇద్దరు కుర్రసన్యాసులు పరుగెత్తుతున్నారు. బయట అదే ఆకును ప్లాస్టిక్‌లో పెట్టి వంద రూపాయలకు అమ్ముతున్నారు.

"బాగుందిరా, మన గుడిలాగే ఉంది" అంది అమ్మ. నాకు ఒళ్లు మండింది.

ఆ సాయంత్రం జపనీయుల గుడిలో జెన్ ధ్యానానికి తీసుకెళ్లాను, అక్కడైనా నిశ్శబ్దం దొరుకుతుందని. దొరికింది. గుండ్రటి దిండ్ల మీద వరసగా కూచోబెట్టారు. సాగర్‌లో కళ్లు మూసుకోమన్నారు, ఇక్కడ సగం తెరిచి నేలను చూడమన్నారు. అక్కడ ఒళ్లంతా తిరిగి రమ్మన్నారు, ఇక్కడ ఎక్కడికీ వెళ్లొద్దన్నారు. ఏం సాధించాలన్న కోరిక కూడా పెట్టుకోకు, ఊరికే కూచో, ఆ కూచోవడమే అది, అని ఆ సంప్రదాయం. ఊరికే కూచోవడమంత కష్టం ఇంకోటి లేదని పదో నిమిషంలో మోకాలు చెప్పింది. గంట మోగాక చూస్తే అమ్మ అందరికన్నా నిటారుగా కూచుని ఉంది. బయటికొచ్చాక అడిగితే, "మంచి నిద్ర పట్టిందిరా" అంది.

మర్నాడు బోధగయలో ఏం చూశామంటే గట్టిగా చెప్పలేను. ఎనభై అడుగుల బుద్ధుడి ముందు ఫొటో దిగాం, భూటాన్ గుడిలో గోడబొమ్మలు చూశాం, డేరా హోటల్లో తుక్పా అనే టిబెట్ నూడుల్స్ సూపుకు రెండొందలిచ్చి తిట్టుకున్నాం. మిగతా రోజంతా మహాబోధిలో చెక్కబల్లల దగ్గరే గడిచింది.

మహాబోధి ఆవరణలో చెట్ల కింద మనిషి పొడుగు చెక్కబల్లలు వరసగా పరిచి ఉంటాయి. చలికాలం టిబెట్ సంప్రదాయం వాళ్లు వచ్చి వాటి మీద సాష్టాంగాలు చేస్తారు. చేతులు జోడించి నడినెత్తిన, గొంతు దగ్గర, గుండె దగ్గర ఆనించాలి. మోకాళ్లు వంచి, రెండు అరచేతులకూ కట్టుకున్న గుడ్డ దిండ్లతో బల్ల మీద సర్రున జారి, పూర్తిగా బోర్లాపడి, నుదురు ఆనించి, లేవాలి. అది ఒకటి. అలాంటివి లక్ష. ఆ లక్షా అయ్యాక కూడా అసలు సాధన మొదలైనట్టు కాదు. నూరక్షరాల మంత్రం ఒక లక్ష, మండల సమర్పణ ఒక లక్ష, ఆపైన గురుయోగం. ఇవన్నీ కలిపి 'న్గోండ్రో', అంటే పూర్వరంగం. నాటకం తెర ఇంకా లేవలేదన్నమాట.

నేను దూరంగా నిలబడి చూస్తున్నాను. మనసులో ఆ పాత ఉపన్యాసమే తిరుగుతోంది: కసరత్తులా ఉంది, సాధనలా లేదు. అంతలో అమ్మ నడుచుకుంటూ పోయి, ఒక బల్ల పక్కన ఊపిరి తీసుకుంటున్న ముసలావిడ దగ్గర చతికిలబడి, చేత్తో సైగ చేసి అడిగింది: "ఎన్నయ్యాయి?"

ఆవిడకు తెలుగు రాదు. అయినా అర్థమైంది. పక్కనున్న చిన్న కౌంటర్ మిషను, దాని కింద పెట్టిన నోటుపుస్తకం చూపించింది. నేను పరుగున వెళ్లి హిందీలోకి దిగాను. ఆవిడది లడఖ్‌లో లేహ్ దగ్గర పల్లె. వయసు అరవై ఏడు. ఇది మూడో చలికాలం. రోజుకు నాలుగైదు వందలు చేస్తుంది. డెబ్బై ఎనిమిది వేలు దాటాయట. అమ్మ బొట్టనవేలు, చూపుడువేలు కలిపి గాల్లో రాసి చూపిస్తూ, "నాది ముప్పై ఆరు లక్షలని చెప్పు" అంది. చెప్పాను. ముసలావిడ కళ్లు పెద్దవి చేసి రెండు చేతులూ జోడించింది. అమ్మ కంగారుపడి, "నాది కుర్చీలో కూచుని రాసేదేగా, ఆవిడది ఒళ్లు హూనం చేసుకోవడం, అది కూడా చెప్పు, లేకపోతే తప్పు" అంది.

తిరుమలలో అంగప్రదక్షిణ చేసినప్పుడు అమ్మ మోచేతులకు తగిలిన దెబ్బల గురించీ చెప్పమంది. మోకాళ్ల నొప్పి, వాటికి వాడే నూనె, కోడళ్లు... అరగంటసేపు నేను దుభాషిని. ఆవిడ ఫ్లాస్కులోంచి ఉప్పేసిన వెన్న టీ పోసింది. అమ్మ ఒక గుక్క తాగి, "పాలు విరిగిన చారులా ఉంది. బాగుందని చెప్పు" అంది.

చివరికి ఉండబట్టలేక నా ప్రశ్న నేనడిగాను. ఆమా-లే (వాళ్ల భాషలో 'అమ్మగారూ'), ఇన్ని వేలు చేస్తుంటే మనసు ఎటో పోదా అని. ఆవిడ పళ్లు లేని చిగుళ్లతో నవ్వింది. "పోతుంది. ఆవు ఈనిందో లేదో అని ఊరికి పోతుంది. పోనీ. ఒళ్లు ఇక్కడే ఉందిగా." ఆవిడేమందో చెప్పమని అమ్మ నా చొక్కా లాగింది. చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. కాసేపటికి నావైపు చూడకుండా, "వంకాయలు" అంది.

మాది ఆంధ్ర అన్నాక ఆవిడ ముఖం మారింది. "అమరావతి!" అంది. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర అనే తాంత్రిక దీక్ష ఇచ్చినప్పుడు వచ్చిందట. ఆ ఊరి పాత పేరు ధాన్యకటకం. బుద్ధుడు కాలచక్రం బోధించింది అక్కడి స్తూపం దగ్గరేనని టిబెట్ వాళ్ల నమ్మకం. జనవరిలో కూడా అంత ఉక్క ఉండే ఊరు ఆవిడ అంతకుముందు చూడలేదట. అన్నంలోకి పోసిన పప్పులో కారం, కృష్ణ ఒడ్డున దోమలు, అన్నీ గుర్తున్నాయి. నువ్వు వచ్చావా అని నన్నడిగింది. మా ఊరి నుంచి బస్సెక్కితే గంటలో అమరావతి. నేను వెళ్లలేదు. అప్పుడు నాకు క్రికెట్ ముఖ్యం.

వెళ్లింది నాన్న. ఆర్టీసీ కండక్టరుగా ఆ రోజుల్లో స్పెషల్ బస్సుల్లో డ్యూటీ వేశారు. రాత్రి ఇంటికొచ్చి, "వాళ్లు చిల్లర లెక్కపెట్టి మరీ ఇస్తారే" అని మెచ్చుకునేవాడు. ఆఖరి రోజు సంతలో ఒక ఉన్నిటోపీ కొనుక్కొచ్చాడు. పల్నాడు ఎండలకు ఉన్నిటోపీ! మేమంతా ఎంత నవ్వామో. ఏటా భోగి పొద్దున మంట దగ్గర ఒక్క గంట పెట్టుకునేవాడు.

అమ్మ గబగబా అడగమంది: "సత్తెనపల్లి మీదుగా వచ్చిందేమో అడుగు, ఆ బస్సేనేమో." అడిగాను. కాదు, గుంటూరు నుంచి వచ్చారట. అమ్మ "ఊఁ" అని ఊరుకుంది.

ఆ రాత్రి గదిలో నిద్రపట్టక బౌద్ధాచార్యుడు నాగార్జునుడి గురించి ఆలోచిస్తూ పడుకున్నాను. టిబెట్ వాళ్లు ఆయన్ని లుడుప్ అంటారు, ఆ పేరు ఎత్తితేనే ముసలావిడ చేతులు జోడించింది. మనకేమో ఆయన ఆనకట్ట పేరు. శూన్యవాదం చెప్పిన ఆ తార్కికుడి పేరు మీదే చైనా భాషలో మిగిలిన ఒక గ్రంథం ఉంది. బోధిసత్వుడయ్యే దారిలో కష్టమార్గం ఉంది, సులభమార్గం ఉంది అంటుంది అందులో. కష్టమార్గం కాలినడకన పోవడం లాంటిది, సులభమార్గం పడవలో పోవడం లాంటిది. ఆ పడవ ఏమిటంటే, బుద్ధుల పేర్లు భక్తితో తలుచుకోవడం. జపాన్‌లో అమితాభ బుద్ధుడి పేరు జపించే జోడో షిన్షూ సంప్రదాయం దీన్ని పట్టుకునే ఆయన్ని తమ మొదటి ఆచార్యుడిగా లెక్కేసుకుంటుంది. ఇది నేనెప్పుడో చదివిందే. చదివినప్పుడు నవ్వొచ్చింది, నాగార్జునకొండకు ఇప్పుడు లాంచీలో తప్ప దారి లేదు కదా అని. సాగర్ ఒడ్డునే పది రోజులు కూచుని వచ్చి, రామకోటి మీద ఉపన్యాసం దంచినప్పుడు మాత్రం ఆ పడవ ఎందుకు గుర్తురాలేదో తెలియదు. దుప్పటి పలచన, హోటలువాడు రెండో దుప్పటికి వంద అడిగాడు. ఇచ్చాను.

పొద్దున ఐదింటికే అమ్మ లేపింది. మధ్యాహ్నం పట్నాకు బయల్దేరాలి, ఈలోగా ఇంకోసారి వెళ్దామంది. రామకోటి పుస్తకం ఇంట్లో ఉండిపోయింది కాబట్టి ముందురోజే నలభై రూపాయలకు గీతల నోటుబుక్కు కొనిపించింది. గళ్లు లేవని సణిగింది, గళ్లుంటే లెక్క దానంతటదే తెలుస్తుందట.

పొగమంచులో గుడి శిఖరం సగమే కనిపిస్తోంది. ముసలావిడ అప్పటికే బల్ల మీద ఉంది. మమ్మల్ని చూసి "జులే" అంది, ఆగలేదు. అమ్మ బల్ల పక్కన చాప వేసుకుని, శాలువా కప్పుకుని రాయడం మొదలుపెట్టింది. నేను వాళ్లిద్దరికీ కొంచెం ఎడంగా కూచుని కళ్లు మూసుకున్నాను. అటు మైకులు మొదలయ్యాయి. ఇటు సర్రున బల్ల, కాసేపు ఏమీ లేదు, మళ్లీ సర్రున. మధ్యలో పెన్ను గీకుడు. ఊపిరి దొరికింది, పోయింది, దొరికింది. ఎంతసేపు కూచున్నానో. రైలు గుర్తొచ్చి కళ్లు తెరిచాను.

"అమ్మా, ఎన్నయ్యాయి?"

పెన్ను ఆగింది. అమ్మ పేజీ మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ కిందికి దించుకొచ్చి, మధ్యలో ఆగిపోయింది.

"లెక్క తప్పించావు కదరా! ఇప్పుడీ పేజీ మళ్లీ మొదటి నుంచి."