బీరువాలో రసీదు పుస్తకాలు

నిన్న బరంపురంలో మా ప్రెస్సుల సంఘం మీటింగ్ నుంచి వచ్చాక నిద్ర పట్టలేదు. ఆఫీసు అద్దె బాకీ, గుమస్తాగారి జీతం బాకీ. పెళ్లిళ్ల సీజన్లో తెలుగు, ఒడియా శుభలేఖలు రాత్రంతా అచ్చేసిన వాళ్లం, ఇప్పుడు చందా కట్టేవాళ్లే కరువయ్యారు.

లెక్కలు బయటివాళ్ల చేతికి అప్పగిద్దామన్నారు. నేనూ చెయ్యెత్తాను. సంఘాన్నే మూసేసే మాట కూడా వచ్చింది. మూసేయాలంటే 1860 సొసైటీల చట్టం ప్రకారం ఐదింట మూడు వంతుల మంది సభ్యులు ఒప్పుకోవాలి. అప్పులు తీర్చాక మిగిలింది మనం పంచుకోకూడదు, మరో సొసైటీకే ఇవ్వాలి. అది వింటూ నాన్న ఇచ్చిన బీరువా వైపే చూస్తుండిపోయాను. ఆయన చేత్తో రాసిన రసీదు పుస్తకాలు ఇంకా అందులోనే ఉన్నాయి.

ముందు గుమస్తాగారి జీతం ఇచ్చేద్దాం. రేపు నా వాటా పట్టుకెళ్తున్నాను. పాత సభ్యులు ఎవరైనా ఉంటే ఫోన్ చేయండి.