కర్రోడి మీద పడిన పేపరు దెబ్బ

పేపరు చుట్టి ముక్కు మీద ఒక్కటిస్తే కుక్కపిల్ల కొరకడం మానేస్తుందని ఎవరు కనిపెట్టారో గానీ, ఈరోజు మా ఇంట్లో ఆ పని జరిగింది. అప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు.

ఆడపడుచు వాళ్ళు గూడూరులో పెళ్లి చూసుకుని వెళ్తూ దారిలో కావలిలో దిగారు. ఆడపడుచు భర్తని నేను అన్నయ్య అంటాను. అన్నయ్య చెయ్యి చాపగానే మా కుక్కపిల్ల కర్రోడు అలవాటుగా ఆయన వేలు నోట్లో పెట్టుకున్నాడు. రక్తం రాలేదు, గీత కూడా పడలేదు. టీపాయ్ మీది పేపరు చుట్టి ఠపీమని కొట్టారు. "ఇట్టా రెండు తగిలిస్తే దారికొస్తది. మీరు ముద్దు చేసి చెడగొడతా ఉండారు" అన్నారు. ఇంటి అల్లుడు, ఏమంటాం! మామయ్య కూడా నోరు విప్పలేదు. నేను కాఫీ ఇచ్చి వంటింట్లోకి వచ్చేశాను.

వాడు మంచం కిందికి దూరాడు. సాయంత్రం చిన్నోడు బడి నుంచి వచ్చి చెయ్యి చాపితే తల వెనక్కి లాక్కున్నాడు. నా బాధంతా అక్కడే. చెయ్యి అంటే భయం లేకుండా పెంచుకొస్తున్నాం. పన్ను తగలగానే చెయ్యి లాక్కోకుండా, ఆట ఆపేసి లేచి అటు తిరగడం మా పద్ధతి. చెయ్యి లాగితే అది కూడా ఆటే అనుకుని ఇంకా వెంటపడతాడు. కాసేపాగి మళ్ళీ కూర్చుని తాడు ముక్క అందిస్తాం. "అబ్బా" అని అరిస్తే కొన్ని పిల్లలు ఆగుతాయి, మా వాడు మాత్రం ఇంకా రెచ్చిపోతాడు. అందుకే అరవడం మానేశాం. పాత తువ్వాలు తడిపి ముడేసి ఫ్రిజ్‌లో పెట్టి ఇస్తే దాన్నే నములుతూ పడుకుంటాడు. పాల పళ్ళు 28 ఊడి, 42 గట్టి పళ్ళు రావాల్సిన వయసు. చిగుళ్ళు సలుపుతుంటే కొరక్క ఏం చేస్తాడు? గుర్రుమన్నప్పుడల్లా దెబ్బలు తిన్న కుక్క గుర్రుమనడం మానేస్తుంది, ఆ తర్వాత చెప్పకుండా కరుస్తుంది. ఇదంతా అన్నయ్యకి ఎవరు చెప్పాలి?

పడుకున్నాక మా తమ్ముడు గుర్తొచ్చాడు. అల్లూరు దగ్గర మా ఊళ్ళో చెరువుకట్ట మీద పిలకాయలందరం పరిగెడుతుంటే వాడి పిక్కని ఏదో కుక్క పట్టేసింది. మా అవ్వ పుండు మీద ఎండుమిరప్పొడి అద్దింది. వాడి కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చేయాల్సింది పావుగంట సేపు సబ్బు పెట్టి ధారగా నీళ్ళతో కడగడమని మాకెవరికీ తెలియదు. ఆ తర్వాత బొడ్డు చుట్టూ సూదులు. రోజూ పొద్దున్నే అమ్మ వాడిని చంకనేసుకుని బస్సెక్కేది. తిరిగొచ్చాక వాడు చొక్కా గుండీలు విప్పుకుని, కడుపుకి గుడ్డ కూడా తగలకుండా వెల్లకిలా పడుకునేవాడు. పక్కింటి ఆవిడ వచ్చి "ఆ కుక్క బతికుందా మే?" అని అడిగిన ప్రతిసారీ అమ్మ ముఖం మాడిపోయేది. ఆ పాత టీకా మన దేశంలో 2005 నాటికి ఆగిపోయింది. ఇప్పుడు చేతికి వేస్తారు, నాలుగైదు సూదులతో అయిపోతుంది. కానీ అప్పుడు పిల్లలుగా ఉన్నవాళ్ళకి కుక్క పన్ను అంటే ఆ సూదులే. అన్నయ్యదీ ఆ వయసే. కోపంతో కాక బెదురుతో కొట్టారేమో. ఇది తట్టాక కోపం సగం తగ్గింది.

సగమే. బెదిరితే లేచి అవతలికి పోవచ్చు కదా, మూడు నెలలు దాటిన పసిదాన్ని కొట్టడం ఎందుకు?

మామయ్య సంగతి కూడా చెప్పాలి. ఆయన మంచం మీద కూర్చుని చెయ్యంతా కర్రోడికి అప్పగిస్తారు, నేను రోజూ విసుక్కునేదాన్ని. ఈమధ్య చూస్తుంటే వాడు అందరికన్నా ఆయన చేతినే మెత్తగా పట్టుకుంటున్నాడు. కాస్త గట్టిగా పడిందంటే ఆయన తువ్వాలు దులుపుకుని వరండాలోకి వెళ్ళిపోతారు, వీడు గడప దగ్గర నిలబడి కుయ్యికుయ్యిమంటాడు. తోబుట్టువులతో ఆడుకుంటూ, గట్టిగా కొరికితే అవతలిది ఆట మానేస్తుందని పిల్లలు నేర్చుకుంటాయి. కనీసం 8 వారాలు తల్లి దగ్గర ఉండాలనేది అందుకే. హైవే పక్కన దొరికేనాటికి వీడికి అంత వయసు లేదు. ఆ పాఠం మామయ్య చెబుతున్నారు. చిన్నోడు మాత్రం అలా చెయ్యి ఇవ్వకూడదు, వాడికి ఆపడం చేతకాదు. ఆ మాట మీద నేను గట్టిగానే ఉన్నాను.

సంక్రాంతికి వాళ్ళు పిల్లలతో వస్తారు. ఆడపడుచుకి రేపే ఫోన్ చేసి చెప్పేస్తాను. కర్రోడికి రేబిస్ టీకా వేయించామని, కొరికితే ఆట ఆపి లేవమని, పేపరు తీయొద్దని. ఈయన "పండగ ముందు ఎందుకు లేనిపోని మాటలు" అంటున్నారు. అననీ.