ఓటీపీ మా వదిన ఫోన్‌కే రావాలి

మా వదిన వాళ్లుండేది ఆత్రేయపురంలో. అక్కడి పూతరేకులకు 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, ఊరి పేరు ఇంకా మోగిపోయింది. కానీ వదినకి మాత్రం అదే పని, అదే కూలి: రేకులు తీసి దుకాణం వాళ్లకు ఇచ్చేయడమే. తనే చుట్టి, తన పేరుతో వాట్సాప్‌లో అమ్ముకుంటానంది. సరే, కాగితాలన్నీ ఆన్‌లైన్‌లోనే కదా అని ఇద్దరం కూర్చున్నాం.

ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల నమోదు. 2020 జులై నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ పోర్టల్, పైసా కట్టక్కర్లేదు. (అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు డబ్బులడుగుతాయి, అడ్రస్ చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి.) ఆధార్ నంబరు కొట్టగానే ఓటీపీ వెళ్లింది, ఎక్కడికంటే మస్కట్‌లో బండి నడుపుతున్న మా అన్నయ్య ఫోన్‌కి. డ్యూటీ దిగి చూసి పంపేసరికి దాని టైమ్ అయిపోయేది. అన్నయ్య దేనికీ అడ్డుచెప్పే మనిషి కాదు. అయినా వదిన ఏ పని చేసుకోవాలన్నా ముందు ఆయన ఫోన్ మోగాల్సిందే, నాకు అదే మింగుడుపడలేదు. ఆధార్ తీసుకున్న రోజుల్లో ఇంటికి ఒకటే ఫోను, అది మగవాళ్ల జేబులో ఉండేది, అందరికీ ఆ నంబరే రాయించేశారు. వదిన డ్వాక్రా సంఘంలో అడిగితే చాలామందిదీ ఇదే కథ.

కాబట్టి అన్నీ ఆపి నంబరు మార్పించే పని పెట్టుకున్నాం. సిమ్ వదిన పేరు మీదే తీసుకున్నాం. దీనికి మాత్రం అప్పట్లో ఆధార్ కేంద్రానికి మనిషి వెళ్లాల్సి వచ్చింది, మేం వెళ్లినప్పుడు ఫీజు 50 రూపాయలు. అక్కడ వేలిముద్ర పడలేదు. పిండిజావలో ముంచిన గుడ్డని కాగే కుండ మీద పరిచి లాగి, రేకు చిరక్కుండా వేళ్లతో లేపడం ఏళ్ల తరబడి చేసిన చేతులవి, బొటనవేలు అద్దంలా నున్నగా ఉంది. "ఇవి పడవమ్మా, ఇంకోసారి రండి" అన్నాడు ఆపరేటర్. మేం కదల్లేదు. తడిగుడ్డతో తుడిచి ఒక్కో వేలూ పెట్టించాను, ఊహూఁ. ఐరిస్‌తో చూడండి అని గట్టిగా అడిగితే అప్పుడు కళ్లు స్కాన్ చేశాడు, అయిపోయింది. పొయ్యి దగ్గరా పొలంలోనూ పనిచేసే ఆడవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పి పంపండి.

ఆ తర్వాత చకచకా నడిచాయి. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో ఈ-పాన్ ఉచితంగా వచ్చింది. బ్యాంకులోనూ నంబరు మార్పించాం, అది మారకపోతే తన ఫోన్‌లో యూపీఐ రాదు. ఉద్యమ్ ఫారం ఈసారి వదినే నింపింది. తినే వస్తువు కాబట్టి ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కూడా కావాలి, అది వాళ్ల ఫోస్కోస్ పోర్టల్‌లో చేశాం, మాలాంటి చిన్నవాళ్లకి ఏడాదికి 100 రూపాయలు పడింది, ఆ 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద వేయించాం. మధ్యలో అన్నయ్య ఫోన్ చేసి బ్యాంకు మెసేజీలు ఆగిపోయాయేంటి అని కంగారుపడితే, "ఇక నాకే వస్తాయండీ" అంది వదిన.

మీ ఇంట్లో ఆడవాళ్ల ఆధార్‌కి వాళ్ల నంబరే ఉందో లేదో ఆధార్ ఇచ్చే యూఐడీఏఐ సైట్‌లో వెరిఫై మొబైల్ దగ్గర చూసుకోవచ్చు. లోన్, షాపు, క్యూఆర్ కోడ్ వగైరాలకి వెళ్లకముందే ఆ ఒక్కటీ చూడండి.