డబ్బా బయల్దేరింది, చేరిందా?

రక్తం శాంపిల్ పోతే మళ్లీ సూది గుచ్చి తీస్తారు. ఆపరేషన్‌లో కోసి తీసిన ముక్క పోతే మళ్లీ తీయడానికి ఏమీ ఉండదు. అయినా చాలా ఆసుపత్రుల్లో రక్తం ట్యూబుకి బార్‌కోడ్ ఉంటుంది, ఆ ముక్క ల్యాబుకి వెళ్లే బయాప్సీ డబ్బాకి మాత్రం ప్లాస్టర్ ముక్క మీద బాల్‌పెన్ రాత!

బార్‌కోడ్ పెట్టినచోట కూడా తప్పులు ఆగవు. కారణం చాలాసార్లు లేబుల్ పుట్టిన చోటే ఉంటుంది. పొద్దున్నే ఆ రోజు కేసులన్నిటికీ లేబుళ్లు తీసి ట్రేలో పెట్టుకుంటారు. మొదటి కేసులో మిగిలిన లేబుల్ రెండో కేసు డబ్బాకి అంటుకుంటుంది. స్కానర్ చక్కగా బీప్ అంటుంది, మనిషే వేరు. లిస్టులో ఇద్దరు కె. లక్ష్ములుంటే ఇక చెప్పక్కర్లేదు. అందుకే ప్రింటర్ ఆపరేషన్ థియేటర్ (ఓటీ) లోపలే ఉండాలి, లేబుల్ మీద పేరుతో పాటు యూహెచ్ఐడీ, అంటే ఆసుపత్రి ఒక్కో రోగికి ఇచ్చే సొంత నంబరు ఉండాలి.

చేతిపట్టీ స్కాన్ చేయమంటే, అది డ్రేప్స్ (ఆపరేషన్‌కి రోగి మీద కప్పే గుడ్డలు) కింద ఉంటుంది. దాంతో సిస్టర్లు కేస్‌షీట్ మీది స్టిక్కర్ స్కాన్ చేస్తారు. వాళ్లని తిట్టి లాభం లేదు. మత్తు ఇవ్వకముందే, రోగి వివరాలు సరిచూసే సైన్ ఇన్ దగ్గరే పట్టీ స్కాన్ చేయించాలి. ఆ కేసు మూసేదాకా ఆ థియేటర్ ప్రింటర్ నుంచి ఇంకొకరి లేబుల్ రాకూడదు.

సర్జన్ ముక్క ఇస్తూ "ఎడమ రొమ్ము, లంపెక్టమీ, పొట్టి దారం పైకి, పొడుగు దారం బయటికి" అంటారు. లంపెక్టమీ అంటే గడ్డ వరకే కోసి తీయడం; దారాలు ముక్క ఏ వైపు ఎటో చెప్పే గుర్తులు. ఫ్లోర్ సిస్టర్ టైప్ చేసి, తిరిగి చదివి వినిపించి, అప్పుడు ప్రింట్ కొట్టాలి. లేబుల్ డబ్బా ఒంటికి అంటించాలి. మూతకి అంటిస్తే ల్యాబ్‌లో ముక్కల్ని చూసి కోసే గ్రాసింగ్ బల్ల మీద నాలుగు మూతలు తీశాక ఏది దేనిదో దేవుడికే ఎరుక.

అదే తెరమీద మూడు విషయాలు నింపకపోతే ప్రింట్ రాకూడదు: ముక్క బయటికి వచ్చిన టైమ్, ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా కాపాడే ద్రవం) వేసిన టైమ్, దేంట్లో వేశారు అన్నది. రొమ్ము క్యాన్సర్‌లో ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్-2 పరీక్షలు నమ్మదగ్గట్టు రావాలంటే ముక్క గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, అందులో 6 నుంచి 72 గంటలు ఉండాలి. సంక్రాంతి సెలవులకు ముందురోజు సాయంత్రం చేసిన కేసు ఈ లెక్క సులువుగా దాటేస్తుంది. ఫార్మలిన్‌లో పడి ఎన్ని గంటలైందో చెప్పే గడియారం ల్యాబ్ తెరమీద కనిపిస్తూ ఉండాలి. ఫ్రోజెన్ (ముక్కని గడ్డకట్టించి వెంటనే చూసే పరీక్ష), కల్చర్ (సూక్ష్మజీవుల్ని పెంచి చూసే పరీక్ష) అని ఎంచుకుంటే లేబుల్ మీద "ఫార్మలిన్ వద్దు" అని పెద్దక్షరాల్లో రావాలి. గర్భసంచి అని కొడితే ఏ సైజు డబ్బా కావాలో కూడా చెప్పించొచ్చు. ముక్కకి కనీసం 10 రెట్లు 10% న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ పట్టాలి. అది గంటకి సుమారు 1 మిల్లీమీటరే లోపలికి దిగుతుంది. ఇరుకు సీసాలో కుక్కితే నడిమధ్య కుళ్లిపోతుంది.

లేబుల్ కాగితం దగ్గర పిసినారితనం వద్దు. వేడికే నల్లబడే కాగితం మీద కొట్టే డైరెక్ట్ థర్మల్ లేబుళ్లు స్పిరిట్, జైలీన్ (ల్యాబ్‌లో వాడే ద్రావకం) తగిలితే మాసిపోతాయి, నల్లబడతాయి. రెజిన్ రిబ్బన్ మీది సిరాని వేడితో లేబుల్‌కి అంటించే థర్మల్ ట్రాన్స్‌ఫర్ ప్రింట్, ప్లాస్టిక్ లేబుల్ తీసుకోండి. చిన్న గుండ్రటి డబ్బాకి గీతల బార్‌కోడ్ చుట్టుకుపోతుంది, స్కానర్‌కి అందదు. క్యూఆర్ లాంటి గళ్ల కోడ్ డేటా మ్యాట్రిక్స్ చిన్న చదరంలో సరిపోతుంది, కాస్త చెరిగినా స్కానర్ చదువుతుంది.

ఇంత చేసినా, మా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఒక మామూలు జాబితా: బయల్దేరి ఇంకా చేరనివి. అటెండర్ థియేటర్ గడపలో స్కాన్ చేస్తాడు, ల్యాబ్ తీసుకునేటప్పుడు స్కాన్ చేస్తుంది. గంట దాటినా చేరకపోతే ఓటీ ఇన్‌ఛార్జికి ఒక్కరికే ఫోన్ మోగాలి. పదిమందికి మెసేజ్ వెళ్తే ఎవరూ కదలరు. ముక్కలు తీయని కేసుకి కూడా "లేవు" అని కొట్టందే కేసు మూసుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జరీ చెక్‌లిస్టులో, రోగి థియేటర్ విడిచేముందు చేసే సైన్ అవుట్‌లో లేబుల్‌ని రోగి పేరుతో సహా పైకి చదవమనే అంశం ఎలాగూ ఉంది, దానికి దీన్ని జతచేస్తే చాలు.

ల్యాబ్‌లోనూ అదే సూత్రం. పలచటి పొరలు కోసే మైక్రోటోమ్ యంత్రం దగ్గర బ్లాక్ (మైనంలో పొదిగిన ముక్క) స్కాన్ చేస్తే దాని స్లైడ్ ఒక్కటే ప్రింటవ్వాలి. యాభై స్లైడ్లు ముందే కొట్టి పేర్చుకుంటే ఓటీ ట్రే కథే మళ్లీ.

నర్సింగ్‌హోముల్లో డబ్బాని క్యారీబ్యాగులో పెట్టి పేషెంటు బంధువు చేతికిచ్చి బయటి ల్యాబుకి పంపుతుంటారు. అక్కడ పెద్ద సాఫ్ట్‌వేర్ కుదరదు. ల్యాబే తన నంబరు, క్యూఆర్ ఉన్న డబ్బాలు ముందుగా ఇవ్వాలి. ముక్క వేశాక సిస్టర్ ఫోన్‌తో స్కాన్ చేసి పేరు, నంబరు ఎక్కిస్తే ల్యాబ్ జాబితాలో "రావలసినది" అని పడుతుంది. అదీ కుదరకపోతే, ఈ రోజు ఎన్ని పంపారు, ఎన్ని చేరాయని రోజూ సాయంత్రం ఏడింటికి ఒక ఫోన్.