రెండో సిలిండర్ రహస్యం దొరికింది: నీళ్లు తాగిన మారుతి 800, ఐదో ఆదివారం

దొరికింది! రెండో సిలిండర్ పిస్టన్ మిగతా రెండింటికన్నా దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు కిందే ఆగిపోతోంది. ఐదు ఆదివారాలు పట్టింది ఈ ఒక్క వాక్యం రాయడానికి. సాయంత్రం నుంచి చేతులకు గ్రీజు కూడా కడుక్కోలేదు, ముందు ఇది రాసేయాలని కూర్చున్నాను.

బండి 97 మోడల్, కార్బురేటర్ 800. అక్టోబరు వానల్లో రాజాం నుంచి విజయనగరం వస్తుంటే, గరివిడి దాటాక ఒక చోట గెడ్డ (వాగు) పొంగి రోడ్డెక్కింది. నీళ్లు బంపర్ కిందే ఉన్నాయి, రెండో గేరులో నెమ్మదిగానే పోతున్నాను. ఎదురుగా వచ్చిన లారీ అల బానెట్ మీదికి కొట్టింది. "టక్" మని ఒకటే చప్పుడు, ఇంజను ఆగిపోయింది. పక్కన కూర్చున్న మా బావ "సెల్ఫ్ కొట్టరా" అన్నాడు. కొట్టలేదు. తోసుకుని గట్టు మీదికి తెచ్చాం. మర్నాడు ప్లగ్గులు తీసి తిప్పితే రెండో రంధ్రంలోంచి నీళ్లు ఫౌంటెన్‌లా లేచాయి. ఆయిలు రెండుసార్లు మార్చాను, ఎయిర్ ఫిల్టర్ మార్చాను, బండి స్టార్టయింది.

ఆ రోజు నుంచీ మిస్సింగ్, అంటే ఒక సిలిండర్ మధ్యమధ్యలో అంటుకోవట్లేదు. పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేస్తే రెండు మూడు నిమిషాలు రెండు సిలిండర్ల మీదే కొట్టుకుంటుంది. వేడెక్కాక సర్దుకున్నట్టే ఉంటుంది గానీ ఐడిల్‌లో స్టీరింగ్ వణుకుతూనే ఉంటుంది, రైల్వే ఓవర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు మూడో గేరు లాగదు.

మొదటి అనుమానం అందరికీ వచ్చేదే: డిస్ట్రిబ్యూటర్లో, అదే మన మెకానిక్కుల డెల్కోలో, చెమ్మ. క్యాప్ విప్పి ఎండబెట్టాను, డబ్ల్యూడీ-40 కొట్టాను. (చెమ్మ తోలడానికి దాన్ని మించింది లేదు. తలుపు బందులకు మాత్రం కుట్టుమిషను ఆయిలే మేలు.) రెండో ప్లగ్గును ఒకటో దానికి మార్చినా, వైర్లు మార్చినా మిస్సింగ్ రెండోదాంట్లోనే. కొత్త ఎన్‌జీకే ప్లగ్గులు వేశాను, ఈ ఇంజనుకు నాకు నచ్చేవి అవే. మార్పు లేదు.

తర్వాత పెట్రోలు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది కదా, అది నీటిని పట్టుకుంటుంది, పరిమితి దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కు దిగిపోతాయి. అడుగు నుంచి లీటరు తీసి గాజు సీసాలో రాత్రంతా ఉంచాను. గీత లేదు, పొర లేదు. అయినా నీళ్ల పెట్రోలయితే మూడు సిలిండర్లూ ఏడవాలి, ఒక్కటే ఎందుకు?

ఇక భయపడింది హెడ్ గాస్కెట్ గురించి, అదే హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే ప్యాకింగ్. అది పోతే రేడియేటర్ నీళ్లు సిలిండర్లోకి దిగి తగ్గిపోతాయి. పొద్దున్న పొగగొట్టంలోంచి తెల్ల ఆవిరి వస్తోంది, వీధిలో ప్రతివాళ్లూ "ప్యాకింగ్ పోయింది" అని తీర్పు చెప్పేశారు. రేడియేటర్ నిండా పోసి, రిజర్వాయర్ మీద మార్కర్‌తో గీత పెట్టాను. ఎనిమిది రోజులు, దాదాపు 140 కిలోమీటర్లు తిప్పాక కూడా గీత దగ్గరే ఉంది. ఆయిల్ మూత కింద తెల్ల నురగ లేదు. ఆ ఆవిరి చల్లని సైలెన్సర్లో పేరుకున్న తేమే.

కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నలిపినప్పుడు వచ్చే ప్రెషర్, చూశాను. ఇంజను వేడిగా, ప్లగ్గులు మూడూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి. ఒకటి 168, రెండు 138, మూడు 165 పీఎస్ఐ. నా గేజ్ చవకరకం, అంకెలు కాస్త ఎక్కువే చూపిస్తుందని తెలుసు, కానీ మూడింటికీ ఒకేలా చూపిస్తుంది కదా. ఒక్కోదాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 175, 145, 172. మూడూ ఏడేసి పెరిగాయి. పిస్టన్ రింగులు పోయుంటే ఆ సందుల్ని ఆయిల్ మూసేసి రెండోది ఎగిరిపోవాలి. పోలేదు. అంటే వాల్వులో, గాస్కెటో అనుకున్నాను.

గాలి ఎక్కడ లీకవుతోందో వినడానికి నాలుగో ఆదివారం బండిని రింగ్ రోడ్డులో పంచర్ షాపుకు తీసుకెళ్లాను. పాత ప్లగ్గు పింగాణీ పగలగొట్టి, మరలున్న ఇనుప భాగానికి ట్యూబు వాల్వు అతికించి తీసుకెళ్లాను. ఒక్కో పిస్టన్‌ను టాప్‌కి తెచ్చి, గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి గాలి ఎక్కించాం. కార్బురేటర్ దగ్గర చెవి పెట్టాను, సైలెన్సర్ దగ్గర షాపు అబ్బాయి పెట్టాడు. ఆయిల్ మూత దగ్గర మూడింటికీ ఒకేలా సన్నటి బుస, రింగుల పక్క నుంచి అంత ఎప్పుడూ ఉంటుంది. రేడియేటర్లో ఒక్క బుడగ లేదు. ఆ అబ్బాయి "ఏటి సార్, గాలి ఎక్కడికీ పోట్లేదు, మరి తక్కువెందుకు చూపిస్తంది?" అన్నాడు.

ఆ ప్రశ్న వారమంతా బుర్రలో తిరిగింది. గాలి పోవట్లేదు, కానీ ప్రెషర్ తక్కువ. అయితే అక్కడ గాలి సరిగా నలగట్లేదు. పిస్టన్ పైదాకా రావట్లేదేమో! నీళ్లు నలగవు. ఈ ఇంజను బోర్ 68.5, స్ట్రోక్ 72 మిల్లీమీటర్లు, ఒక్కో సిలిండర్ 265 సీసీ. కంప్రెషన్ రేషియో (గాలి ఎన్నో వంతుకు నలుగుతుందో ఆ అంకె) 8.7 అనుకుని లెక్కేస్తే పైన మిగిలే ఖాళీ 34 సీసీ చిల్లర. అంతకన్నా ఎక్కువ నీళ్లు లోపలికి పోతే పిస్టన్‌కు దారి లేదు, వంగాల్సింది పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్డే. గెడ్డ దగ్గర విన్న "టక్" అదే అయ్యుంటుంది.

ఈ రోజు పొద్దున్న ఆరింటికే మొదలుపెట్టాను. ఇంకో పాత ప్లగ్గు బోలుగా చేసి, అందులోంచి సైకిల్ స్పోకు దింపాను. క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి మెల్లగా తిప్పుతూ, స్పోకు పైకి లేచి ఆగిన చోట వెర్నియర్‌తో బయట ఉన్న పొడవు కొలిచాను. ఐదేసి సార్లు. ఒకటోది 54.3, మూడోది 54.2, రెండోది 52.5. ఏ సిలిండర్లోనూ నా కొలతల మధ్య తేడా 0.2 దాటలేదు. ప్లగ్గు రంధ్రం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి నిలువు తేడా ఇంకాస్త తక్కువ, ఒకటిన్నర వేసుకున్నాను.

అంతటితో నమ్మబుద్ధి కాలేదు. లెక్క ప్రకారం పిస్టన్ ఒకటిన్నర మిల్లీమీటరు కిందుంటే ఖాళీ ఐదున్నర సీసీ పెరగాలి. మందుల షాపులో 10 మిల్లీలీటర్ల సిరంజి కొని, పిస్టన్ టాప్‌లో పెట్టి ప్లగ్గు రంధ్రం మొదటి మర దాకా ఇంజనాయిల్ నింపాను. మూడో సిలిండర్లో 60 పోసినా నిండలేదు! వాల్వులు రెండూ కొద్దిగా తెరిచి ఉండే టాప్‌లో పెట్టాను, ఆయిలంతా సైలెన్సర్ దారి పట్టింది. ఒక చుట్టు తిప్పి, వాల్వులు మూసుకునే టాప్‌లో మళ్లీ చేశాను. ఒకటి 33, మూడు 33.5, రెండు 38.5 మిల్లీలీటర్లు. ఆయిల్ కింద గాలి చిక్కుకుంటుంది కాబట్టి మొత్తం అంకెను నమ్మను, తేడాను నమ్ముతాను. ఇది చేసేవాళ్లు ఆయిల్ మొత్తం పీల్చేశాకే క్రాంక్ తిప్పాలి. లేకపోతే గెడ్డలో నీళ్లు చేసిన పని ఇంట్లో ఆయిల్ చేస్తుంది.

38.5 చూడగానే మా ఆవిడను కేకేసి చూపించాను. "అయితే ఖర్చెంత?" అంది.

ఆ ఐదు సీసీల తేడాకు రేషియో 8.7 నుంచి 7.7కు పడుతుంది. 166 ఉండాల్సిన చోట 138 రావడం సరిగ్గా అతుకుతోంది. చల్లగా ఉన్నప్పుడు ఆ సిలిండర్ అంటుకోకపోవడానికి కారణం ఇదే అని ఇప్పుడు నా నమ్మకం. బండిని ఇక తిప్పను. వంగి పొట్టిదైన రాడ్డు వల్ల పిస్టన్ కిందికి వచ్చినప్పుడు అంచు క్రాంక్ బరువులకు తగలొచ్చు, రాడ్డు విరిగితే బ్లాకుకే చిల్లు.

హెడ్డూ, ఇంజను అడుగునుండే ఆయిల్ చాంబరూ రెండూ దింపాలి. పిస్టన్ పైనుంచే వస్తుంది. హెడ్ ఎలాగూ దింపుతాను కాబట్టి అద్దం పలకా, సన్న సందులు కొలిచే ఫీలర్ గేజూ పెట్టి చదును చూస్తాను. 0.05 మిల్లీమీటరు దాటితే లేత్ షాపుకే. చాంబరుకు ప్యాకింగ్ బదులు అనాబాండ్ పేస్టు వేస్తాను, కార్క్ ప్యాకింగులతో చాలాసార్లు విసిగిపోయాను. సిలిండర్ గోడ మీద ఒక పక్క గీతలు పడి ఉంటాయేమోనన్నదే ఇప్పుడున్న టెన్షన్. వేలి గోరు తగిలేంత గీత ఉంటే లెక్క మారిపోతుంది.

రాడ్డు కొత్తది కొనాలా, విశాఖలో పాత సామాన్ల షాపులో వెతకాలా అని ఇంకా తేల్చుకోలేదు. పాతదైతే ముందు మిగతా రెండింటితో తూచాలి, రెండు గ్రాములకు మించి తేడా ఉండకూడదని నా పట్టుదల. మా వీధి చివర కంసాలి దగ్గర బంగారం తూచే కాటా ఉంది, అడిగితే సరే అన్నాడు, కానీ ముందు కిరసనాయిల్లో శుభ్రంగా కడిగి తెమ్మన్నాడు.