మీగడతో చికెన్ పాస్తా, మా ఇంట్లో చేసే పద్ధతి

నాలుగు రోజులుగా ఒకటే ముసురండి ఇక్కడ, కాలవలో ఎర్రనీళ్లు వచ్చేశాయి, ఎవరిని కదిపినా పులస కబుర్లే. మా పిల్లలకి మాత్రం పాస్తా కావాలంట, అదీ హైదరాబాద్‌లో వాళ్ళ పిన్ని చేసి పెట్టినట్టు తెల్లగా, చిక్కగా. పాస్తా ప్యాకెట్ ఇంట్లో ఉంది, ఫ్రెష్ క్రీమ్ లేదు, ఆ వానలో అమలాపురం దాకా ఎవరెళ్తారని నిన్న రాత్రి మీగడతోనే చేసేశాను, ఎంత బాగా కుదిరిందో.

ఇంతకుముందు ఒకసారి మీగడతో చేస్తే పాడైంది లెండి. వెన్న తియ్యడానికి వారం రోజులు ఫ్రిజ్‌లో దాచిన మీగడ వేశాను, అది పులిసిపోయి ఉంటుంది కదా, పెద్ద మంట మీద పడేసరికి విరిగిపోయి నెయ్యి పైకి తేలింది, అడుగున పలుకులు పలుకులుగా మిగిలింది. పిల్లలు ఏమీ అనకుండా తినేశారు గానీ నాకే మనసొప్పలేదు. అందుకని ఈసారి ఆ రోజు మీగడే వాడాను. రెండు పూటలా కాచిన గేదె పాల మీద కట్టింది ఒక అరకప్పు తీసి, నాలుగు స్పూన్ల పాలు పోసి గడ్డల్లేకుండా స్పూన్‌తో మెదిపి పెట్టుకున్నాను. మిక్సీలో మాత్రం వెయ్యకండి, చూస్తుండగానే వెన్న పడిపోతుంది.

చికెన్ పావు కిలో పైన, ఎముకల్లేకుండా తొడ ముక్కలే కొట్టించుకోండి, రొమ్ము ముక్క కాస్త ఎక్కువ ఉడికితే పీచులా అయిపోతుంది. కడిగాక గుడ్డతో తడి బాగా అద్దెయ్యాలి, తడి ఉంటే వేగదు, నీళ్ళూరి ఉడుకుతుంది. ఉప్పు, మిరియాల పొడి పట్టించి, పెనం బాగా కాగాక వేసి మూడు నిమిషాలు అసలు కదపకూడదు. కింద ఎర్రగా అంటుకుంటుందే, రుచంతా అందులోనే ఉంది. ముక్కలు తిప్పేసి, లోపలిదాకా ఉడికాక పక్కకి తీసి, అదే పెనంలో వెన్న, సన్నగా తరిగిన వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు వెయ్యాలి, వెల్లుల్లి మాడకూడదు, వాసన రాగానే ఆపెయ్యాలి.

ఈలోగా ఇంకో పొయ్యి మీద రెండున్నర లీటర్ల నీళ్ళు మరుగుతుంటే లీటరుకి రెండు టీస్పూన్ల చొప్పున ఉప్పేసి 250 గ్రాముల పెన్నే, అదే గొట్టాల పాస్తా, పోశాను. అత్తయ్యగారు వచ్చి చూసి "ఏటమ్మా ఇవి, కాకినాడ గొట్టం కాజాల్లా ఉన్నాయి" అన్నారు, నిజంగా అలాగే ఉంటాయి. గట్టి గోధుమ రవ్వతో చేస్తారు కాబట్టి మైదా సేమ్యాలా తొందరగా ముద్దవ్వవు, అయినా ప్యాకెట్ మీద రాసిన టైముకి ఒక నిమిషం ముందే దించెయ్యండి, మిగతాది సాస్‌లో ఉడుకుతుంది. చన్నీళ్ళతో కడగొద్దు. వార్చే ముందు ఆ నీళ్ళు ఒక కప్పు తప్పకుండా తీసి పెట్టుకోండి, మన గంజి లాంటిదే అది, పిండి దిగి ఉంటుంది, మీగడలో కొవ్వూ నీళ్ళూ విడిపోకుండా పట్టి ఉంచేది అదే.

వెల్లుల్లి వేగిన పెనంలో ఆ గంజి అరకప్పు పోసి అడుగున అంటుకున్నదంతా గరిటెతో గీకి, మంట బాగా తగ్గించేసి అప్పుడు మీగడ. ఇక్కడ తొందరపడొద్దు, పెద్ద మంట పెడితే మళ్ళీ విరుగుతుంది. చీజ్ క్యూబ్ ఒకటి తురిమి, పాస్తా, చికెన్ వేసి రెండు నిమిషాలు తిప్పితే సాస్ ప్రతి గొట్టానికీ పట్టుకుంటుంది, లోపల కూడా నిండుతుంది. గట్టిగా అనిపిస్తే ఇంకాస్త గంజి. ఉప్పు చివర్లో చూసుకోండి, గంజిలోనూ చీజ్‌లోనూ ఉంది కదా.

మిగిలింది పొద్దున్నకి గడ్డకట్టేసింది, నాలుగు స్పూన్ల పాలు పోసి చిన్న మంట మీద తిప్పితే మళ్ళీ వదులైంది, పెద్దాడు బడికి అదే బాక్స్ కట్టించుకుని వెళ్ళాడు.