లువాంగ్ ప్రబాంగ్‌కి పడవలో వెళ్లండి, రైల్లో వెనక్కి రండి

లావోస్‌లో మెకాంగ్ నదీ, నామ్ ఖాన్ ఏరూ కలిసే చోట ఉన్న చిన్న ఊరు లువాంగ్ ప్రబాంగ్. 1995 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. బెజవాడ నుంచీ గుంటూరు నుంచీ బ్యాంకాక్, పట్టాయా వెళ్లేవాళ్లు బోలెడుమంది. అక్కడి నుంచి ఇంకో అడుగు వేసి ఇక్కడిదాకా వచ్చేవాళ్లు మాత్రం తక్కువే. దూరం పెద్ద అడ్డం కాదు. విమానాశ్రయం మారేచోట, వంతెన దాటేచోట, స్టేషన్ నుంచి ఊళ్లోకి చేరేచోటే జనం చిక్కుకుంటారు. అందుకే ఈ పోస్టులో ఎక్కువగా ఆ అతుకుల గురించే రాస్తున్నాను.

ముందే చెప్పేస్తున్నాను: వెళ్లేటప్పుడు పడవ, వచ్చేటప్పుడు రైలు. తిరగేస్తే పడవ ఏటికి ఎదురెళ్లాలి, రెండు రోజులూ ప్రయాణం ఇంకా సాగుతుంది. పైగా ఊరు చూసేసిన అలసటతో చెక్క పడవలో అన్ని గంటలు కూర్చోవాలంటే ఓపిక ఉండదు.

ఇంటి నుంచి బ్యాంకాక్ దాకా అయితే శంషాబాద్, లేదంటే చెన్నై. బెజవాడ వాళ్లు పండిట్ నెహ్రూ బస్టాండులో హైదరాబాద్ బస్సెక్కి ఎల్బీ నగర్‌లో దిగితే, ఊళ్లోకి పోకుండా పుష్పక్ బస్సులో నేరుగా విమానాశ్రయానికి వెళ్లిపోవచ్చు. గుంటూరు వాళ్లకి నడికుడి, నల్గొండ మీదుగా సికింద్రాబాద్ వెళ్లే రైళ్లు ఉన్నాయి. చెన్నై వైపు వెళితే సెంట్రల్‌లో దిగి, మెట్రోలోనే విమానాశ్రయం చేరొచ్చు. రెండింట్లో టికెట్ ఎక్కడ చవగ్గా దొరికితే అదే తీసుకోండి.

బ్యాంకాక్‌లో రెండు విమానాశ్రయాలు ఉన్నాయని మర్చిపోవద్దు. పెద్దది సువర్ణభూమి, పాతది డాన్ మ్యుయాంగ్. చవక విమానాలు ఎక్కువగా రెండోదాని నుంచే ఎగురుతాయి. శంషాబాద్ విమానం ఒకచోట దిగి, తర్వాతిది ఇంకోచోట ఉంటే మధ్యలో ఊరి ట్రాఫిక్‌లో ప్రయాణం చేయాలి. రెండిటి మధ్యా టికెట్ ఉన్నవాళ్లకి ఉచిత షటిల్ బస్సు తిరుగుతుంది. అయినా టికెట్లు విడివిడిగా కొన్నప్పుడు ఇమిగ్రేషన్ దాటాలి, సామాను తీసుకోవాలి, మళ్లీ చెకిన్ చేయాలి. ఐదు గంటలకి తక్కువ పెట్టుకుంటే గుండె చేత్తో పట్టుకుని పరిగెత్తాల్సిందే. పిల్లలూ పెద్దవాళ్లూ వెంట ఉంటే ఆ రాత్రి బ్యాంకాక్‌లోనే పడుకోవడం మేలు.

వీసా విషయం ఇంకాస్త జాగ్రత్తగా చూసుకోవాలి. ఈ దారిలో థాయ్‌లాండ్‌లోకి రెండుసార్లు అడుగుపెడతారు: వెళ్లేటప్పుడు బ్యాంకాక్‌లో, వచ్చేటప్పుడు థాయ్‌లాండ్ సరిహద్దు ఊరు నోంగ్ ఖాయ్‌లో. ఒకే ప్రవేశానికి ఇచ్చిన వీసా అయితే లావోస్‌లోకి దాటగానే దాని పని అయిపోతుంది. థాయ్‌లాండ్ ఇచ్చే ఆన్ అరైవల్ వీసా అన్ని భూ సరిహద్దుల్లోనూ దొరకదు. మన పాస్‌పోర్టుకి థాయ్‌లాండ్ నిబంధనలు తరచూ మారుతున్నాయి. అందుకని టికెట్లు కొనేముందు రాయబార కార్యాలయం వెబ్‌సైటులో రెండో ప్రవేశానికి కూడా సరిపోతుందో లేదో చూసుకోండి. 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డు కూడా తప్పనిసరి. ప్రతి ప్రవేశానికీ విడిగా, చేరే రోజుకి ముందు మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి డబ్బు కట్టక్కర్లేదు. రుసుము అడిగే సైటు కనిపిస్తే అది సర్కారుది కాదు. రెండోసారి నింపడం చాలామందికి గుర్తుండదు, అప్పుడు నోంగ్ ఖాయ్‌లో వరసలో నిలబడి ఫోను తడుముకోవాల్సి వస్తుంది.

లావోస్ వీసా సులువే. మనవాళ్లకి సరిహద్దులోనే ఇస్తారు. ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు, అందులో ఖాళీ పేజీలు, ఒక ఫొటో, డాలర్లు ఉండాలి. నోట్లు శుభ్రంగా ఉండాలి: మడత నలిగినా, పెన్ను గీత ఉన్నా, అంచు చిరిగినా వెనక్కి ఇచ్చేస్తారు. చిన్న నోట్లు కలిపి పెట్టుకోండి. ఈ-వీసా కూడా ఉంది కానీ అన్ని సరిహద్దుల్లో చెల్లదు, మీరు దాటే చోటు ఆ జాబితాలో ఉంటేనే తీసుకోండి.

ఇక పడవ. ఇది బయల్దేరే ఊరు హువాయ్ సాయ్, మెకాంగ్‌కి లావోస్ వైపు ఒడ్డున ఉంది. ఎదురొడ్డున థాయ్‌లాండ్ ఊరు చియాంగ్ ఖోంగ్. బ్యాంకాక్ నుంచి చియాంగ్ రాయ్‌కి విమానంలో గంటన్నర లోపే. చియాంగ్ రాయ్ పాత బస్టాండు నుంచి చియాంగ్ ఖోంగ్‌కి మామూలు బస్సులో రెండు, రెండున్నర గంటలు. చియాంగ్ ఖోంగ్‌లో ఏటి ఒడ్డున గది తీసుకుంటే హువాయ్ సాయ్ దీపాలు కనిపిస్తాయి, పొద్దున్నే లేచి దాటేయొచ్చు అనిపిస్తుంది. అక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. 2013 డిసెంబరులో నాలుగో స్నేహ వంతెన తెరిచాక, ఊళ్ల మధ్య తిరిగే చిన్న పడవల్లో విదేశీయుల్ని దాటనివ్వడం లేదు. వంతెన ఊరికి దక్షిణంగా పది కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడిదాకా టుక్‌టుక్, థాయ్ ముద్ర, వంతెన మీద నడవనివ్వరు కాబట్టి షటిల్ బస్సు, లావోస్ వీసా వరస, మళ్లీ హువాయ్ సాయ్ రేవు దాకా ఇంకో టుక్‌టుక్. ఇదంతా అయ్యేసరికి రెండు గంటలు పట్టొచ్చు. పడవ పదకొండు, పదకొండున్నర ప్రాంతంలో కదులుతుంది. ముందురోజు సాయంత్రమే వంతెన దాటేసి హువాయ్ సాయ్‌లో పడుకుంటే పొద్దున తీరిగ్గా రేవుకి వెళ్లొచ్చు. టికెట్ రేవు దగ్గరి కౌంటర్లోనే కొనండి, పాస్‌పోర్టు చూపించాలి. చియాంగ్ మాయ్‌లో ఏజెంట్లు అన్నీ కలిపి అమ్ముతారు. వ్యాను, వంతెన, పడవ అంతా వాళ్లే చూసుకుంటారు కానీ ఎక్కువ తీసుకుంటారు. తొలిసారి వెళ్లే కుటుంబానికి ఆ ఎక్కువ ఇవ్వడంలో నాకు తప్పేమీ కనిపించదు.

పాపికొండల లాంచీలా రెండంతస్తులూ, పాటలూ, మైకూ ఉంటాయనుకోవద్దు. ఇది పొడుగ్గా, సన్నగా, పైన రేకు కప్పుతో ఉండే చెక్క పడవ. ఒడ్డు నుంచి ఎక్కడానికి సన్నటి చెక్క పలకే దారి. పెద్ద పెట్టె తలకెత్తుకుని దాని మీద నడవడం ప్రమాదం. చక్రాల సూట్‌కేసు అక్కడ పనికిరాదు, భుజాలకి తగిలించుకునే సంచి ఉంటే చాలు. లోపల చాలా పడవల్లో పాత వ్యాన్ల నుంచి తీసిన సీట్లే వరసగా పెట్టి ఉంటాయి. కొన్ని నేలకి బిగించి ఉండవు, వెనక్కి ఆనుకుంటే జరుగుతాయి. ఇంజను పడవ వెనకాల ఉంటుంది. చివరి నాలుగైదు వరసల్లో కూర్చుంటే మాట వినపడదు, డీజిల్ పొగ కూడా తగులుతుంది. మరుగుదొడ్డీ అటే. అందుకని గంట ముందు వెళ్లి ముందు సగంలో చోటు చూసుకోవాలి. పెద్ద సంచులు కింద అరలోనో వెనకనో పెడతారు, దారిలో తీసుకోవడం కుదరదు. మందులు, నీళ్లు, స్వెట్టరు, పాస్‌పోర్టు, డబ్బు చేతి సంచిలో ఉండాలి. డిసెంబరు, జనవరి ఉదయాల్లో ఏటి మీద మంచు దట్టంగా ఉంటుంది, పక్కలు తెరిచి ఉన్న పడవలో చలి గట్టిగానే కొడుతుంది. బెజవాడ చలికి వేసుకునే బట్టలు అక్కడ చాలవు.

మొదటి రోజు ఆరు గంటల దాకా ప్రయాణం చేసి సాయంత్రానికి పాక్‌బెంగ్ చేరతారు. పడవ రాత్రిపూట నడవదు. ఏటిలో బండలు, ఇసుక మేటలు ఉంటాయి, చీకట్లో కనపడవు. పాక్‌బెంగ్‌లో గది మీరే చూసుకోవాలి, టికెట్లో కలిసి ఉండదు. రద్దీ నెలలు నవంబరు నుంచి ఫిబ్రవరి, అప్పుడు ముందే బుక్ చేసుకోండి. రేవు నుంచి ఊళ్లోకి నిటారు ఎక్కుడు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రేవుకి దగ్గరి గదే తీసుకోవాలి. అక్కడి ఏటీఎంని నమ్ముకోవద్దు, హువాయ్ సాయ్‌లోనే లావోస్ డబ్బు కిప్ తీసుకుని ఉంచుకోండి. పొద్దున్నే దుకాణాల్లో అన్నం, రొట్టె పొట్లాలు కట్టి అమ్ముతారు. మాంసం తినకపోయినా కూరలో చేపల సాస్ పడుతుంది కాబట్టి, శాకాహారులు ఉత్త అన్నం, పండ్లు, ఇంటి నుంచి తెచ్చుకున్న కారప్పొడి, జంతికలతో లాగించడమే మంచిది.

రెండోరోజు పొద్దున తొమ్మిది ప్రాంతంలో బయల్దేరి సాయంత్రం నాలుగైదు గంటలకి దిగుతారు. చాలాసార్లు ఇది నిన్నటి పడవ కాదు, చోటు మళ్లీ వెతుక్కోవాలి. చివర్లో సున్నపురాయి కొండలోని పాక్ ఊ గుహలు కుడి పక్కన కనిపిస్తాయి. ఆ దగ్గర్లో మెకాంగ్ మీద కొత్త జలవిద్యుత్ ఆనకట్ట కడుతున్నారు. పనిని బట్టి పడవ దారి మారవచ్చు, అందుకని టికెట్ కొనేటప్పుడే పడవ రేవు దాకా నేరుగా వెళుతుందా, మధ్యలో మారాలా అని అడగండి. దించేది ఊళ్లో కాదు. ఊరికి పది కిలోమీటర్ల పైన ఉన్న రేవులో దించుతారు, అక్కడ పంచుకుని ఎక్కే టుక్‌టుక్ టికెట్ కౌంటరు ఉంటుంది.

అదే దారిలో స్పీడు బోటు కూడా తిరుగుతుంది, ఆరేడు గంటల్లో చేరుస్తుంది. హెల్మెట్ పెట్టి, మోకాళ్లు ముడుచుకుని కూర్చోబెడతారు. మార్చి నుంచి మే దాకా ఏరు తగ్గి బండలు పైకి తేలినప్పుడు అది ఢీకొంటే బతకడం కష్టం. దయచేసి ఎక్కకండి. పాత గైడు పుస్తకాలు చూసి, లువాంగ్ ప్రబాంగ్ నుంచి నామ్ ఊ ఏటి మీదుగా నోంగ్ కియావ్‌కి పడవలో వెళ్దామని కూడా అనుకోకండి. ఆ ఏటి మీద వరసగా ఆనకట్టలు కట్టాక ఆ పడవ ఆగిపోయింది, ఇప్పుడు వ్యానే దిక్కు.

నేరుగా విమానంలో వెళ్లాలంటే బ్యాంకాక్ నుంచి రెండు గంటల లోపు, విమానాశ్రయం ఊరికి నాలుగు కిలోమీటర్లే. ఒక్క హెచ్చరిక: ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా కొండల్లో పోడు మంటల పొగ కమ్మి విమానాలు ఆలస్యమవుతాయి, రద్దూ అవుతాయి.

తిరుగు ప్రయాణం సంగతి. 2021 డిసెంబరులో లావోస్-చైనా రైలు మొదలయ్యేదాకా ఇక్కడి నుంచి లావోస్ రాజధాని వియంటియాన్‌కి కొండల్లో బస్సే, పది గంటల పైమాట. ఇప్పుడు వేగంగా వెళ్లే రైల్లో రెండు గంటలు. లావోస్‌లో 422 కిలోమీటర్ల ఈ లైను మీద 75 సొరంగాలున్నాయి, కాబట్టి కిటికీ సీటు కోసం గొడవ పడక్కర్లేదు, సగం దారి చీకటే. మధ్యలో వాంగ్ వియెంగ్‌లో దిగాలనుకుంటే గంట చాలు. వానాకాలంలో కొండచరియలు పడే ఆ రోడ్డు మీద రాత్రి స్లీపర్ బస్సెక్కడం ఇక అనవసరం.

రైలు టికెట్ పాస్‌పోర్టు నంబరు మీదే ఇస్తారు, అక్షరం తేడా ఉన్నా గేటు దగ్గర ఆపుతారు. ఆ రైల్వేకి ఎల్సీఆర్ టికెట్ అనే యాప్ ఉంది. మన కార్డు ఒప్పుకోకపోతే హోటల్ వాళ్లకో ఊళ్లో ఏజెంటుకో చెబితే కొంత రుసుముతో తీసిపెడతారు. వేసవి సెలవుల కోసం ఏప్రిల్ మధ్యలో వెళ్లేవాళ్లకి కష్టం: లావో కొత్త సంవత్సరం అప్పుడే, టికెట్లు తెరిచిన కాసేపటికే అయిపోతాయి. స్టేషన్ ఊరికి పది కిలోమీటర్ల పైనే, వ్యాను అరగంట. లోపల తనిఖీ విమానాశ్రయంలో లాగే ఉంటుంది. పండ్లు కోసుకునే చాకు, కత్తెర, దోమల స్ప్రే, డియోడరెంట్ డబ్బా తీసేసుకుంటారు. దోమల మందు క్రీము రూపంలో తెచ్చుకోండి. రైలు కదలడానికి కొన్ని నిమిషాల ముందే గేటు మూసేస్తారు, మన దగ్గరిలా కదిలే రైలెక్కడం అక్కడ కుదరదు. గంట ముందు ఉండాలి.

వియంటియాన్‌లో దిగే స్టేషన్ ఊరి బయట. బ్యాంకాక్ వెళ్లే థాయ్ రాత్రి రైలు కంసవత్ అనే వేరే స్టేషన్ నుంచి బయల్దేరుతుంది. ఇది 2024 జులైలో మొదలైంది. సాయంత్రం ఎక్కితే నోంగ్ ఖాయ్‌లో దిగి పాస్‌పోర్టు ముద్ర వేయించుకుని, మళ్లీ ఎక్కి, తెల్లారేసరికి బ్యాంకాక్ క్రుంగ్ థెప్ అఫివాట్ స్టేషన్‌కి చేరతారు. పడక బెర్తులు త్వరగా నిండుతాయి, థాయ్ రైల్వే సైట్లో ముందే తీసుకోండి. లువాంగ్ ప్రబాంగ్ నుంచి మధ్యాహ్నానికల్లా వియంటియాన్ చేరే రైలు చూసుకుంటే రెండు స్టేషన్ల మధ్య లోకా యాప్‌లో కారు పిలిచి తీరిగ్గా మారొచ్చు. బెర్తు దొరక్కపోతే వియంటియాన్ తలాత్ సావ్ బస్టాండు నుంచి థాయ్‌లాండ్ ఊరు ఉడోన్ థానీకి బస్సుంది. ఉడోన్ థానీ నుంచి బ్యాంకాక్‌కి చవక విమానాలు డాన్ మ్యుయాంగ్‌కే ఎక్కువ, పైన చెప్పిన రెండు విమానాశ్రయాల తంటా ఇక్కడ మళ్లీ వస్తుంది. లావోస్ వదిలేముందు కిప్ అంతా ఖర్చు పెట్టేయండి లేదా మార్చేయండి, బయట ఎవరూ తీసుకోరు.

సంక్రాంతి సెలవుల్లో వెళ్లేవాళ్లకి మన వైపు కూడా లెక్క చూసుకోవాలి. భోగికి ముందు రెండు మూడు రోజులు హైదరాబాద్ నుంచి బెజవాడ వైపు వచ్చే బండ్లతో పంతంగి టోల్ ప్లాజా కిక్కిరిసిపోతుంది, శంషాబాద్‌లో దిగి ఇంటికి రావడానికి అది చెడ్డ సమయం. కనుమ తర్వాత అదే రద్దీ అటువైపు తిరుగుతుంది, కాబట్టి అప్పుడు బయల్దేరితే విమానానికి మామూలు కంటే నాలుగైదు గంటలు ముందు బస్సెక్కాలి. తిరుగు బస్సు టికెట్ మాత్రం విమానం టికెట్‌తోపాటే కొనేయండి, పండగ దగ్గరపడితే సీటే దొరకదు.